చెయ్యి కాలినా నొప్పి తెలియని జబ్బు గురించి మా ఊళ్లో కరపత్రం వేద్దామనుకుంటున్నాను, ఏం రాయాలి?

ప్రశ్న: టిఫిన్ బండి అక్క (గుంటూరు జిల్లా)

అందరికీ నమస్కారం అండి. మాది పొన్నూరు దగ్గర ఊరు. బస్టాండు ఎదురుగా పద్దెనిమిదేళ్లుగా టిఫిన్ బండి నడుపుతున్నాను. ఇడ్లీ, అట్టు, సాయంత్రం పూట బజ్జీలు. పెద్ద చదువు లేదు, పది దాకా చదివాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నా జబ్బు పేరు సిరింగోమైలియా. వెన్నుపాము లోపల, సరిగ్గా నడిమధ్యన, నీరు చేరి బోలుగా అయిపోతుంది. ఎంఆర్ఐ ఫిల్ము లైటు మీద పెట్టి చూపించినప్పుడు నాకు ఉల్లికాడ గుర్తొచ్చింది. పైకి నిండుగా కనిపిస్తుంది, విరిస్తే లోపల గొట్టం. ఆ గొట్టంలో నీళ్లు నిలిచాయనుకోండి. నాకు అది మెడ మొదలు నుంచి వీపు పైభాగం దాకా ఉంది.

మొదలైంది 2016 వేసవిలో. ఇడ్లీ పాత్ర మూత తీసి రేకులు బయటికి లాగుతుంటే కుడి చేతికి ఆవిరి తగలడం మానేసింది. నేను సంతోషపడ్డానండి. పొద్దున్నే వచ్చే ఆటోవాళ్లు "అక్కది ఇనప చెయ్యి, గుడ్డ లేకుండా రేకులు తీస్తుంది" అని మెచ్చుకునేవారు. వాళ్లు చూస్తున్నారంటే గుడ్డ పక్కన పెట్టి మరీ తీసేదాన్ని. రాత్రి ఇంటికొచ్చి చూసుకుంటే వేళ్ల మీద బొబ్బలు. ఎప్పుడు కాలిందో తెలిసేది కాదు. కానీ చెయ్యి మొద్దుబారలేదు. గల్లాపెట్టెలో చూడకుండా చెయ్యి పెట్టి, రూపాయి బిళ్లా రెండు రూపాయల బిళ్లా అని వేలితో తడిమి చెప్పేదాన్ని. స్పర్శ అంత బాగా ఉంటే చేతికి రోగమని ఎవరనుకుంటారు?

తర్వాత అట్లకాడ జారిపోవడం మొదలైంది. బొటనవేలి కింద కండ కరిగి గుంటపడింది. దగ్గితే తల వెనక, మెడ మొదట్లో ఒక్కసారి పగిలిపోయేంత నొప్పి. తుమ్మినా అంతే, గట్టిగా నవ్వినా అంతే, పిండి గిన్నె ఎత్తినా అంతే. నిమిషంలో తగ్గిపోయేది కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆర్ఎంపీ గారు బలానికి సూదులు వేశారు. ఒక పెద్ద డాక్టరు గారు మెడ ఎముకలు అరిగాయని పట్టీ ఇచ్చారు. భుజం లాగుతోందంటే మా అత్తగారు ఇసుక వేయించి మూటకట్టి కాపడం పెట్టారు. హాయిగా ఉందని ఇంకాసేపు పెట్టించుకున్నాను. తెల్లారి చూస్తే భుజం మీద అరచేయంత తోలు ఊడి వచ్చింది. ఆవిడ ఏడ్చినంత నేను ఏడవలేదు.

ఆ పుండు, వేళ్ల మీది మచ్చలు చూసి ఊళ్లో మాట పుట్టింది. పెద్దరోగం అని. మొహం మీద ఎవరూ అనలేదు. రోజూ కూర్చుని తినేవాళ్లు పొట్లం కట్టమనడం మొదలుపెట్టారు, తర్వాత అదీ మానేశారు. నేనే వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. కుష్టు లేదన్నారు. ఆ కాగితం బండికి అతికించలేను కదా.

2022లో ఒక ఆసుపత్రిలో ఇంకా చదువుకుంటున్న కుర్ర డాక్టరు చూశాడు. కళ్లు మూసుకోమని దూదితో వేలు ముట్టుకున్నాడు. "ముట్టుకున్నారు" అన్నాను. ఇంకోసారి. "ముట్టుకున్నారు" అన్నాను. మళ్లీ. "ముట్టుకున్నారు" అన్నాను. కళ్లు తెరవమన్నాడు. చూస్తే వేలి కొసన రక్తపు చుక్క ఉంది. చివరి రెండుసార్లు గుండుసూదితో గుచ్చాడట. అప్పటికి ఆరేళ్లుగా నా చేతికి నొప్పి లేదని నాకు అర్థమైంది ఆ చుక్క చూశాకే.

ఎంఆర్ఐలో అసలు కారణం కూడా దొరికింది. దాన్ని కియారీ అంటారట. చిన్నమెదడు కింది కొసలు పుర్రె అడుగున ఉండే రంధ్రంలోంచి మెడలోకి దిగి, బిరడాలాగా ఇరుక్కున్నాయి. నాకు 11 మిల్లీమీటర్లు దిగాయి. 2023 జనవరిలో హైదరాబాదులో ఆపరేషన్ అయింది. తల వెనక కింద కొంచెం ఎముక, మెడ మొదటి పూస వెనక భాగం తీసి, లోపలి పొర విప్పి అతుకు వేశారు. దగ్గితే వచ్చే నొప్పి పోయింది. ఏడాది తర్వాత స్కాన్‌లో ఆ నీటి గొట్టం సన్నబడిందన్నారు. చేతికి వేడి తెలియడం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు పట్టకారు లేకుండా ఏదీ ముట్టుకోను. స్నానం నీళ్లు ముందు ఒక మగ్గు పాదం మీద పోసుకుని చూస్తాను. కాళ్లకు వేడి తెలుస్తుంది.

ముందే పట్టుకుని ఉంటే నా చేతి కండ మిగిలేది. అందుకే వెయ్యి కరపత్రాలు వేయించి బస్టాండులో, పీహెచ్‌సీలో పంచుదామనుకుంటున్నాను. నేను రాసుకున్నది ఇది:

"సిరింగోమైలియా అనే అరుదైన వెన్నుపాము వ్యాధి గురించి ప్రజలకు విజ్ఞప్తి. ఇది కుష్టు కాదు. అంటువ్యాధి కాదు. భయపడవద్దు. చేతులకు వేడి తెలియకపోతే నరాల డాక్టరును కలవండి."

ఇది సరిపోతుందా? ఇంకోటి, నా చేతి ఫొటో, పేరు వేద్దామా వద్దా? మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. పేరు వేస్తే ఇది వంశంలో ఉందనుకుంటారని మా ఆయన వద్దంటున్నాడు. పేరు లేకపోతే ఎవరో ఎక్కడో అన్నట్టు ఉంటుందని నాకు. మీరేమంటారు?


జవాబు 1: ఫిజియో, కర్నూలు

అక్కా, గల్లాపెట్టెలో బిళ్ల తడిమి చెప్పేదాన్నన్నారు చూడండి, ఈ జబ్బును పట్టుకునే కీలకం అక్కడే ఉంది. మా చదువులో దీన్ని నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది.

వేడి, చల్లదనం, నొప్పి మోసుకొచ్చే నరాల పోగులు వెన్నుపాములోకి రాగానే మధ్యలోంచి అవతలి పక్కకు దాటతాయి. స్పర్శ మోసుకెళ్లేవి దాటకుండా వెనక పక్కగా నేరుగా పైకి పోతాయి. గొట్టం పుట్టేది మధ్యలో కాబట్టి మొదట తెగేవి దాటే పోగులే. స్పర్శ నిలుస్తుంది, నొప్పి పోతుంది. గొట్టం మెడలో ఉంటే శాలువా కప్పుకున్న చోటల్లా, అంటే రెండు భుజాలు, చేతులు, వీపు పైభాగం, ఇలా అవుతుంది. ఇంకా లావైతే పక్కనున్న కండరాల నరాల కణాలు నలిగి అరచేతి కండ కరుగుతుంది. ఆ తర్వాత కాళ్లు బిగుసుకోవడం, నడక తడబడడం, మూత్రం పట్టు తప్పడం. అంతదాకా రాకముందే పట్టుకోవాలి.

కరపత్రానికి నా సలహా: "అరుదైన వ్యాధి" అని పైన రాయకండి. లక్ష మందిలో పదిమందికి లోపే అని పుస్తకాల్లో ఉంటుంది, నిజంగా అరుదే. కానీ ఆ మాట చూడగానే మనది కాదులే అని కాగితం మడిచేస్తారు. పేరు కూడా పైన వద్దు. సిరింగోమైలియా అనే పేరు 1827లో ఒక ఫ్రెంచి డాక్టరు పెట్టింది. గ్రీకులో గొట్టం, పిల్లనగ్రోవి అని అర్థం. పేరు డాక్టరుకు పనికొస్తుంది కాబట్టి కింద ఉంచండి. పైన ప్రశ్న ఉండాలి. "వేడి గిన్నె పట్టుకున్నా చురుక్కుమనడం లేదా?" అన్నంత సూటిగా.

రెండో ప్రశ్న దగ్గు గురించి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, ముక్కినప్పుడు తల వెనక నొప్పి వచ్చి నిమిషాల్లో పోవడం కియారీకి పెద్ద గుర్తు. తలనొప్పులన్నీ ఇవి కావు, ఆ తేడా రాయండి. కొసలు 5 మిల్లీమీటర్లు దాటి దిగితే కియారీ అంటారు కానీ, స్కాన్‌లో అలా కనిపించినవాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. భయపెట్టేలా ఉండకూడదు.

ఇంకో మాట తప్పకుండా చేర్చండి. ఇలాంటి లక్షణాలున్నవాళ్లు మెడ విరిపించుకోకూడదు. మంగలి షాపుల్లో తల పట్టుకుని అటూ ఇటూ తిప్పి టక్కుమనిపిస్తారే, అది. నా దగ్గరికి మెడ నొప్పని వచ్చినవాళ్లలో చేతి కండ కరిగినవాళ్లు కనిపిస్తే నేను మెడకు బరువులు కట్టి లాగడం చెయ్యను, ముందు ఎంఆర్ఐ చూపించమంటాను. వైద్యం చేసేవాళ్లు కూడా మీ కాగితం చదవాలి.

వంశం సంగతి: ఎక్కువమందిలో ఇది తల్లి నుంచి బిడ్డకు వచ్చే జబ్బు కాదు. కియారీ కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపించడం ఉంది, కానీ తక్కువ. మీ అమ్మాయికి ఏ లక్షణమూ లేకపోతే దిగులు పెట్టుకోకండి. ఆ తలనొప్పి లాంటిది ఎప్పుడైనా ఉంటే మాత్రం మీ న్యూరోసర్జన్‌కు చెప్పండి.


జవాబు 2: నల్లగొండ తమ్ముడు

అక్కా, నీ పోస్టు మా నాయినకు చదివి ఇనిపించిన. మల్లోసారి చదువుమన్నడు.

మాది గీత కార్మికుల ఇల్లు. 2009ల నాయిన తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు. వీపుల పూస ఇరిగింది, కాళ్లు పడిపోయినయి. చేతులు మంచిగ ఉండె. వీల్‌చైర్ల కూసొని ఇంటి ముంగట కిరాణం నడిపిచ్చిండు, మమ్మల్ని చదివిచ్చిండు. పన్నెండేండ్లు గట్లనే గడిచినయి. 2021ల తుమ్మితే మెడ కెల్లి చెయ్యి దాక గుంజుతుందన్నడు. వయసు అనుకున్నం. ఒకనాడు బీడీ తాగుకుంట టీవీ చూస్తుండు, బీడీ కాలుకుంట వేళ్ల దాక వచ్చింది. వాసనొచ్చి మా అమ్మ ఉరికొచ్చింది. ఆయనకు తెల్వనే లేదు.

స్కాన్ల అదే తేలింది. దెబ్బ తగిలిన కాడ మొదలై నీళ్ల గొట్టం మెడ దాక ఎక్కింది. డాక్టర్ సారు చెప్పింది ఏందంటే, వెన్నుపాముకు దెబ్బ తగిలినోళ్లల్ల కొందరికి ఇది నెలలకూ రావచ్చు, ఇరవై ఏండ్లకూ రావచ్చు. కాళ్లు పోయినోనికి చేతులే ఆధారం. ఆ చేతులు గూడ పోతయంటే ఎట్లుంటదో నేను చెప్పలేను. ఆపరేషన్ చేసి నీళ్లు బయటికి పోయేటట్టు సన్న పైపు ఏసిండ్రు. ఎడమ చెయ్యి ఆగింది. కుడి చెయ్యి సగం పోయింది.

మాకు పన్నెండేండ్లల్ల ఒక్కరు గూడ చెప్పలే, కొత్తగ ఏదన్న మారితే రావాలె అని. కొత్త నొప్పి, తిమ్మిరి పైపైకి ఎక్కుడు, ఒక్కపక్కనే చెమట పట్టుడు, చేతుల బలం తగ్గుడు. పడ్డప్పుడు డిశ్చార్జి కాగితం మీద ఈ నాలుగు ముక్కలు రాసి ఉంటే రెండేండ్లు ముందే పోతుంటిమి.

నువ్వు మీ ఊరికి రాసుకో అక్కా, కాని "చెట్టు మీదికెల్లి, బిల్డింగు మీదికెల్లి పడ్డోళ్లు" అని ఒక్క లైను పెట్టు. మా దిక్కు నేను పంచుత. 2024ల గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కిట్లు ఇచ్చుడు మొదలైంది, చెట్టెక్కుడు మీద ట్రైనింగు పెడుతుండ్రు. ఆడికి మందంత వస్తరు. పడకుండ ఎట్లనో చెప్పినంక, ఇదివరకే పడ్డోళ్లకు ఇది గూడ చెప్పమని మా సొసైటీ ప్రెసిడెంటును అడుగుత.

పేరు ముచ్చట: నాయిన నా ఫొటో పెట్టుకోండ్రి అన్నడు. నీకు ఇబ్బందైతే ఆయన చెయ్యి ఏసుకో.


జవాబు 3: రిటైర్డ్ పారామెడికల్ వర్కర్, విజయనగరం

అమ్మా, నేను కుష్టు విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి మచ్చలు చూసిన మనిషిని. మీకు జరిగింది చదివి బాధ కలిగింది. మీ కరపత్రం చదివి ఇంకో రకంగా బాధ కలిగింది. అదే చెప్పడానికి రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

"ఇది కుష్టు కాదు, భయపడవద్దు" అని రాశారు. ఆ కాగితం బస్టాండులో ఒక కుష్టు రోగి చేతిలో పడితే ఏమని చదువుకుంటాడు? కుష్టైతే భయపడాల్సిందే అని కదా. మీ మీద పడ్డ మాటను మీరు దులుపుకుని వాడి మీద వేసినట్టవుతుంది. మీరు ఆ ఉద్దేశంతో రాయలేదని తెలుసు. కుష్టుకు ఆరు నెలలో, పన్నెండు నెలలో మందులు వాడితే నయమవుతుంది. పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. అయినా 2019 దాకా మన వివాహ చట్టాల్లో కుష్టు ఉందంటే విడాకులు ఇవ్వొచ్చని ఉండేది, అప్పుడు సవరించి తీసేశారు. మీ అమ్మాయి పెళ్లి గురించి మీకున్న బెంగ వాళ్ల ఇళ్లలో తరాలుగా ఉంది.

ఇక తేడా సంగతి. ఊరివాళ్లే కాదు, మేమూ పొరబడతాం. కుష్టులోనూ మొదట పోయేది వేడి తెలియడమే. నా సర్వీసులో ఒక మనిషి గుర్తున్నాడు. చేతివేళ్లు వంకరపోయాయి, కాలిన మచ్చలున్నాయి. ఒంటి మీద రంగు మారిన మచ్చ ఒక్కటీ లేదు. మోచేతి దగ్గర నరం తడిమితే లావు లేదు. కుష్టులో ఆ నరం తాడులా చేతికి తగులుతుంది. చిటికెన వేలి వైపు, నరం పోయిన దారిలోనే తిమ్మిరి ఉంటుంది, మెల్లగా స్పర్శా పోతుంది. ఇతనికి భుజం నుంచే వేడి తెలియదు, కానీ దూది తగిలితే చెబుతాడు. ఆయన్ని విశాఖ పంపాం. అప్పట్లో ఎంఆర్ఐ అందరికీ అందేది కాదు. ఏమైందో తర్వాత తెలియలేదు. మీ పోస్టు చదివేసరికి ఆయన మొహం గుర్తొచ్చింది.

అందుచేత కరపత్రంలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి. వేడి తెలియకపోతే ముందు పీహెచ్‌సీకి వెళ్లి కుష్టు పరీక్ష చేయించుకోండి, అది ఉంటే మందులతో నయమవుతుంది, అది కాదంటే అక్కడితో ఆగకండి, మెడ ఎంఆర్ఐ గురించి అడగండి, అని. మీ విషయంలో జరిగిన పొరపాటు కూడా అదేనమ్మా. కుష్టు లేదని చెప్పి పంపేశారు, మరి ఏముంది అని ఎవరూ అడగలేదు.

ఆశా కార్యకర్తలకు మచ్చలు చూడటం బాగా తెలుసు. మచ్చ లేకుండా కాలిన వేళ్లు కనిపిస్తే ఏం చెయ్యాలన్నది వాళ్లకు ఎవరైనా చెప్పాలి. పీహెచ్‌సీలో వాళ్ల మీటింగ్ రోజు కనుక్కుని, మెడికల్ ఆఫీసరు గారి అనుమతి తీసుకుని పది నిమిషాలు మాట్లాడండి. కాగితం కన్నా మీ చెయ్యి ఎక్కువ చెబుతుంది.


టిఫిన్ బండి అక్క

బాబాయ్ గారూ, మీరు రాసింది రాత్రి చదివాను. నిద్ర పట్టలేదు. ఆ మాట నన్ను ఎంత కోసిందో నాకు తెలుసు, అయినా అదే కత్తి ఇంకొకరి వైపు తిప్పానని తట్టలేదు. పరీక్షకు వెళ్లిన రోజు నా పక్కన బెంచీ మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. చేతికి కట్లు ఉన్నాయి. నేను కొంచెం జరిగి కూర్చున్నాను. మీరు చెప్పాక అది గుర్తొచ్చింది. ఆ వాక్యం తీసేశాను.

తమ్ముడూ, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. బీడీ సంగతి చదివి మా ఆయన వణికిపోయాడు. పడినవాళ్ల లైను పెడతాను. ఆయన ఫొటో మీ దగ్గర వేసుకోండి, అక్కడివాళ్లకు ఆయన చెయ్యే దగ్గర.

మేడం గారూ, పైన ప్రశ్నే పెడతాను. మంగలి షాపు సంగతి నాకు తెలియదు. మా ఆయన ప్రతి ఆదివారం విరిపించుకుంటాడు, ఇక వద్దని చెప్పాను.


జవాబు 4: అనంతపురం అమ్మ

అక్కా, పెద్దోళ్ల సంగతే రాస్తాండారు అందరూ. పిల్లోళ్లది నేను చెప్తా.

మా పాపకు పదకొండేండ్లప్పుడు స్కూలు యూనిఫారం కుట్టిస్తిమి. టైలర్ కొలతలు తీసుకుంటా, అమ్మా ఈ పాపకు ఒక భుజం కిందికుండాది, పోయినేడాది ఇట్ల లేదే అనె. బ్యాగు బరువని మేము పట్టించుకోలేదు. రెండోసారీ ఆయప్పే చెప్పె. అప్పుడు వంగి నిలబడమని చూస్తే వీపు ఒకపక్క ఉబ్బెత్తుగా ఉండాది. వెన్ను వంకర అని బెల్టు ఇచ్చిరి. బెంగళూరుకు పోతిమి. అక్కడ డాక్టరమ్మ చూసి, వంకర ఎడమపక్కకు ఉండాది, సాధారణంగా ఆడపిల్లలకు వీపులో కుడిపక్కకు వస్తాది, ఎంఆర్ఐ తీద్దామనె. తీస్తే కియారీ, గొట్టం రెండూ ఉండాయి. పాపకు నొప్పి అంటూ ఏమీ లేదు. చేతి మీద దోమ కుట్టినా గోక్కోదు, అంతే.

ముందు తలకాయ ఆపరేషన్ చేసిరి. గొట్టం తగ్గినాక వంకర పెరగడం నిలిచిపాయ. ఇప్పుడు ఇంటర్ చదువుతాంది. వంకర కొంచెం ఉండాది, చూసేవాళ్లకు తెలీదు.

కాగితాలు టైలర్లకు కూడా ఇయ్యక్కా. పిల్లోళ్ల ఒంటిని ఏడాదికొకసారి టేపు పెట్టి చూసేది వాళ్లొకరే. మా పాపను పట్టిచ్చింది ఆయప్పే.

అమ్మాయి పెండ్లి గురించి అడిగినావు. నా బిడ్డకు నేను ఇదే ఆలోచన చేస్తా ఉంటా. రేపు ఎవరన్నా వస్తే స్కాన్ కాగితాలు చేతిలో పెట్టి చూపిస్తా. దాచిపెట్టి చేసినాక బయటపడితే బిడ్డ అక్కడ ఒంటరిదైపోతాది. నీ బిడ్డకు అసలు జబ్బే లేదు కదా, నువ్వెందుకు దాచుకుంటావు?


టిఫిన్ బండి అక్క

అందరికీ దండాలు. వారం నుంచి రాయడం, కొట్టేయడం. అమ్మాయే కూర్చుని రాసింది, నేను చెబుతూ పోయాను. ప్రెస్సుకు ఇచ్చింది ఇది:

"వేడి గిన్నె పట్టుకున్నా చురుక్కుమనడం లేదా? కాలిన బొబ్బ చూశాకే కాలిందని తెలుస్తోందా? ముట్టుకుంటే మాత్రం తెలుస్తోందా?

దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా తల వెనక నొప్పి వచ్చి నిమిషాల్లో పోతోందా? అరచేతి కండ కరుగుతోందా? పిల్లల భుజాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయా?

ఎప్పుడో చెట్టు మీంచో మేడ మీంచో పడి వెన్నుకు దెబ్బ తగిలినవాళ్లకు ఇప్పుడు కొత్తగా తిమ్మిరి పైకి ఎక్కుతోందా?

ముందు పీహెచ్‌సీకి వెళ్లండి. కుష్టు అని తేలితే ఉచితంగా మందులున్నాయి, నయమవుతుంది. కాదని తేలితే అక్కడితో ఆగకండి. నరాల డాక్టరును కలిసి, మెడ ఎంఆర్ఐ తీయాలా అని అడగండి. వెన్నుపాములో నీటి గొట్టం ఏర్పడే జబ్బు ఒకటుంది. దాని పేరు సిరింగోమైలియా. వేడి, నొప్పి తెలియడం ఒకసారి పోతే చాలాసార్లు తిరిగి రాదు. ముందే పట్టుకుంటే మిగిలింది దక్కుతుంది.

తేలేదాకా మెడ విరిపించుకోకండి. వేడి కాపడం పెట్టకండి."

కింద నా పేరు, బండి ఉండే చోటు వేశాం. అడగాలనుకునేవాళ్లు మధ్యాహ్నం పన్నెండు తర్వాత రావచ్చు, అప్పటికి రద్దీ తగ్గుతుంది. ఫొటోలో మొహం లేదు, నా కుడి చెయ్యి ఒక్కటే. అమ్మాయి తీసింది. పేరు సంగతి కూడా తనే తేల్చింది. అనంతపురం చెల్లెలి జవాబు వాళ్ల నాన్నకు చదివి వినిపించింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ప్రెస్సుకు డబ్బులు తనే కట్టి వచ్చాడు.

పీహెచ్‌సీ డాక్టరు గారు ఆశాల మీటింగ్‌లో పావుగంట ఇస్తానన్నారు. గుండుసూది, దూది పట్టుకెళ్తాను. మా వీధి టైలర్లు ముగ్గురికీ తలా ఇరవై కాగితాలు.

ఆఖర్న ఉన్న కాపడం మాట మా అత్తగారిది. అంతా చదివి వినిపిస్తే, "అది కూడా రాయి, ఎవరి చెయ్యీ నా చెయ్యిలా కాకూడదు" అంది. ఆ ఇసుక మూట కట్టిన గుడ్డ ఇన్నేళ్లూ దాచుకుంది, మొన్న తీసి పొయ్యిలో పడేసింది.